త్సునెగొరో నున్నటి తల

పొద్దున్నే పొయ్యి రాజెయ్యకముందు ఓరియె చెయ్యాల్సిన పని ఒకటుంది. మొగుడు చెక్కిన అచ్చుపలకలన్నీ గుమ్మం దగ్గరికి తెచ్చుకుని, రాత్రికి రాత్రి వాటి మీద పెరిగిన వెంట్రుకలు గొరిగెయ్యాలి.

యాసోహాచి చెయ్యి అలాంటిది మరి. ఆడదాని కొప్పులో ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనబడేట్టు చెర్రీ చెక్కలో చెక్కగలిగినవాళ్ళు ఎడో పట్నం మొత్తమ్మీద వెతికినా పట్టుమని పదిమంది దొరకరు. అయితే మిగతావాళ్ళు చెక్కిన జుట్టు చెక్కినట్టే ఉంటుంది. ఇతను చెక్కింది పెరుగుతుంది. ఎవరి బొమ్మ చెక్కాడో ఆ మనిషి బతికున్నంతకాలం ఆ పలక మీద జుట్టు చెక్కలోంచే, చెక్క రంగులోనే, సన్నగా మొలుస్తూ ఉంటుంది. చచ్చినవాళ్ళది పెరగదు. కథల్లో రాకుమార్తెలది అసలే పెరగదు. గొరక్కుండా సిరా పూశారో, గీతలన్నీ అలుక్కుపోయి కాగితం తగలేసుకోవాల్సిందే. కాండా పేటలో వాళ్ళుండే సందులో ఎవరికీ ఇదొక వింతగా ఉండేది కాదు, మనింట్లో రోజూ వాకిలి ఊడ్చినట్టే.

"ఏమమ్మా, మా పలకల మంగలీ, తెమిలిందా?" అని అచ్చువేసే ఇహే సందు చివర్నించి అరిచేవాడు. అతనిది వెంట్రుకన్నది లేని బోడితల.

"నీకైతే ఆ పని కూడా లేదుగా, కూర్చో," అనేది ఓరియె.

చాకు పట్టడంలో ఆమెకు చిన్నప్పట్నించీ అలవాటుంది. తల్లి పోయాక తమ్ముడు త్సునెగొరోని పెంచింది ఆమే. వాడు పెద్దవాడై, అందరు మగవాళ్ళలా నడినెత్తి గొరిగించుకునే వయసొచ్చాక, మంగలి దగ్గరికి వెళ్ళేవాడు కాదు. "అక్క చెయ్యైతే నిద్ర పడుతుంది" అని ఆమె ముందు చతికిలబడి, నిజంగానే గుర్రు పెట్టేవాడు. ఎక్కడ పడితే అక్కడ నిద్ర, ఎవరడిగితే వాళ్ళకి ఒంటి మీద బట్ట ఇచ్చెయ్యడం, ఇవీ వాడి విద్యలు. ఇలాంటివాడిని ఎవరు చేసుకుంటారా అని ఆమె బెంగపెట్టుకుంటే, నిహొంబాషి అవతల సోయా కొట్టు వాళ్ళు ఇల్లరికం తెచ్చుకున్నారు. ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు ఓత్సుయకి వాడంటే నవ్వు. అంత నవ్వించే మొగుడు దొరకడం మాత్రం సామాన్యమా?

కొట్లో కూర్చున్నాక వాడికి పెద్దమనుషుల సావాసం దొరికింది. నత్తల గోష్ఠి అని ఒకటుండేది. సాకే అనే బియ్యపు సారా పుచ్చుకుని హాస్యపు పద్యాలు చెప్పుకోవడం వాళ్ళ పని. వర్తకులు, ఒక వైద్యుడు, ఇద్దరు ముగ్గురు సమురాయిలు, అందరికీ పెద్ద గొంబే గారు, దక్షిణపు దీవులకి సరుకు పడవలు నడిపే ఆసామి. ఏటా కొత్త సంవత్సరానికి వీళ్ళు తమ పద్యాలతో బొమ్మ వేయించుకుని ఒకరికొకరు పంచుకునేవారు. ఇవి బజార్లో దొరికే బొమ్మలు కావు. దళసరి మెత్తటి కాగితం, వెండి పొడి, రంగే లేకుండా మోచేత్తో ఒత్తి తేల్చిన మంచు, అదంతా ఒక దర్జా. ఆ దర్జా బజారు పాలు కాకూడదని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పంచుకోవడం అయిపోయాక, వేయించినవాళ్ళు వచ్చి కూర్చుని చూస్తుండగా పలక మీద చిత్రిక పట్టించి, బొమ్మంతా లేపెయ్యాలి. నెలల తరబడి కళ్ళు పోగొట్టుకుని చెక్కినవాడి చేతే ఆ పని చేయించేవారు. పెద్దమనుషులు కదా!

కిందటేడు వేసవి మొదట్లో త్సునెగొరో సరుకు చూసుకొస్తానని గొంబే గారి పడవెక్కి వెళ్ళాడు. తుఫానొచ్చింది. పడవ తాలూకు చెక్కలు కొట్టుకొచ్చాయి. తర్వాత కజూసా ఒడ్డున ఒక శవం దొరికింది. మొహం చేపలు తినేశాయి గానీ, ఒంటి మీద సోయా కొట్టు గుర్తున్న నీలం కోటు ఉంది. ఇంకేం కావాలి? దహనం చేశారు, బూడిద తెచ్చి గుళ్ళో పెట్టారు. ఓరియె ఏడ్చిన ఏడుపుకి ఆ సందులో వాళ్ళు కొన్నాళ్ళు గట్టిగా మాట్లాడుకోవడానికి కూడా జంకారు.

ఏడాది దగ్గర పడుతుంటే గోష్ఠి వాళ్ళు వాడి జ్ఞాపకంగా బొమ్మ వేయిద్దామనుకున్నారు. బొమ్మ గీసిన కాగితం యాసోహాచి దగ్గరికి వచ్చింది. చేతిలో సాకే గిన్నె, వాలిపోతున్న కళ్ళు, అచ్చం వాడే. కాగితాన్ని బోర్లించి పలకకి అంటించి దాని మీంచే చెక్కుతారు కాబట్టి, పని పూర్తయ్యేసరికి ఆ కాగితం మిగలదు. యాసోహాచి మూతి బిగించుకుని చెక్కాడు.

చెక్కడం అయ్యాక పలకని పైఅరలో పెడుతూ, "దీన్ని నువ్వు తియ్యక్కర్లేదే. దీనికి నీ చాకుతో పని లేదు," అన్నాడు.

ఆమె తల ఊపింది. మర్నాడు పొద్దున మిగతా పలకలన్నీ గొరిగాక, చెయ్యి దానంతటదే పైఅరకి వెళ్ళింది. దించి ఒళ్ళో పెట్టుకుంది. వాడి నడినెత్తి మీద ఎడం అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో చాకుని మెల్లగా, పూర్వం గొరిగినట్టే, వెనక్కి లాగింది, తర్వాత చెంపలూ గీసింది. కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఏమీ కనబడలేదు. కనబడాల్సిన అవసరమూ లేదు, ఆ తల ఆమె చేతికి కంఠస్థం. ఆ రోజునించీ రోజూ అదే వరస. పలక ఇహే దగ్గరికి అచ్చుకి వెళ్ళినన్నాళ్ళూ అక్కడికి వెళ్ళి మరీ గొరిగి వచ్చేది. ఇహే నోటిదురుసు మనిషే, ఆ కొన్నాళ్ళూ మాత్రం హాస్యమాడలేదు. పలక ముందు చాపేసి అవతలికి వెళ్ళిపోయేవాడు.

చాకు కింద సన్నగా ఏదో తెగుతూనే ఉండేది. గొరిగే చేతికి వెంట్రుక తగలడం ఏమంత విశేషం? తల అన్నాక గరుకుగా ఉంటుంది, గొరిగితే నున్నబడుతుంది. ఇన్నేళ్ళ అలవాటులో ఆ చేతులకి అదే తెలుసు. అది చచ్చినవాడి తల అని చేతులకి ఎవరు చెప్పారు?

సంవత్సరీకం గుళ్ళో జరిగింది. బొమ్మలు పంచారు, బౌద్ధ సూత్రాలు చదివారు, ఆడవాళ్ళకి వంటపని నడుములు విరిచింది. ఓరియె వారం పైన ఇంటి మొహమే చూడలేదు. అక్కడ గుడి వెనక, నీళ్ళ తొట్టి దగ్గర, ఓత్సుయ వాంతి చేసుకుంటూ ఆమె కంట పడింది.

"వదినా, మీకు మొహం చూపించలేను," అంది ఓత్సుయ, తొట్టి అంచు పట్టుకుని. "హికోసబురోదే. మూడో నెల."

హికోసబురో వాళ్ళ కొట్లో పెద్ద గుమాస్తా. కొట్టు నడవాలి, ఇంటికి వారసుడు కావాలి అని బంధువులే అతనితో పెళ్ళి ఖాయం చేశారు. ముహూర్తం వచ్చే నెల. ఓరియెకి గుండెల్లో ఒక్క క్షణం కలుక్కుమంది. అబద్ధమెందుకు? కానీ వెంటనే చెయ్యి చాపి ఆ పిల్ల వీపు రాసింది.

"ఛ, ఊరుకో. పెళ్ళికి ముందు తొందరపడ్డారు, అంతేగా. లోకంలో ఎవరూ చెయ్యని పనా? మావాడుంటే నిన్నిలా చూసి పగలబడి నవ్వేవాడు."

ఓత్సుయ ఏడుస్తూనే నవ్వింది. "నవ్వేవాడు వదినా. నిజంగా నవ్వేవాడు."

ఇది జరిగిన నాలుగైదు రోజులకి, ఓరియె ఇల్లు చేరిన మర్నాడే, చిత్రిక పట్టే రోజు వచ్చింది. యాసోహాచి పొద్దున్నే స్నానాలశాలకి వెళ్ళాడు. పెద్దమనుషులొచ్చేలోగా పలక దుమ్ము దులిపి ఉంచుదామని ఓరియె పైఅరలోంచి దించి, గుమ్మంలో వెలుతురుకి పెట్టింది. ఆ పలక మొహం చూసి చాలా రోజులైంది.

తమ్ముడి నడినెత్తి కనబడలేదు. కోసిన మడిలో మోళ్ళలా జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. చెంపల మీద కూడా మాసిన గడ్డం.

ఆమె ముందు దాన్ని వేళ్ళతో తుడిచింది, బూజేమో అన్నట్టు. పోలేదు. మళ్ళీ తుడిచింది. అప్పుడు తెలిసింది. "ఒరేయ్!" అంది పైకే. "ఒరేయ్ సన్నాసీ, ఉన్నావట్రా!" ఆ మాటతో అక్కడే కూలబడి, పలకని గుండెకి అదుముకుని, నోట్లో కిమోనో అంచు కుక్కుకుని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. కోటు! ఆ కోటు ఎవడికో ఇచ్చి ఉంటాడు. చలేస్తోంది అని పక్కవాడు అని ఉంటాడు, వీడు విప్పి ఇచ్చేసి ఉంటాడు. వాడి బుద్ధి తెలిసీ కోటుని చూసి నమ్మిందే తను!

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చెక్కిన మర్నాటినించీ చాకు కింద తెగింది ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆ పలకని అలా వదిలేసి ఉంటే రెండో రోజుకే మొగుడు చూసేవాడు. ఇహే చూసేవాడు. సముద్రం తేటగా ఉన్న వసంతంలోనే పడవలు కదిలేవి. ఏ రాళ్ళ దీవి మీద, ఏ పక్షి గుడ్లు తాగి వాడు ప్రాణం నిలుపుకుంటున్నాడో గానీ, ఇక్కడ అక్క రోజూ పొద్దున్నే లేచి, ప్రేమగా, వాడు చచ్చాడని రుజువు చేస్తూ వచ్చింది.

పోనీ, ఇప్పటికైనా మించిపోలేదు. వానలు ఇంకా మొదలవలేదు, పడవలు తిరుగుతూనే ఉన్నాయి. ఆమె పలక మీద గుడ్డ కప్పింది. ఎవరికీ ఏమీ చెప్పదు. అందరూ కూర్చున్నాక గుడ్డ తీస్తుంది, చాలు. వాళ్ళే చూస్తారు.

పెద్దమనుషులు వచ్చి ముందుగదిలో కూర్చున్నారు. సాకే వేడి చేసి పెట్టింది. యాసోహాచి తడి జుట్టుతో వచ్చి, వాళ్ళకి వంగి దణ్ణం పెట్టి, మూల కూర్చుని చిత్రిక నూరుకుంటున్నాడు. గొంబే గారి గొంతు ఇల్లంతా వినబడుతోంది.

"మంచివాడయ్యా. నా పడవలోనే పోయాడు, అదే నా బాధ. ఆ శవం దొరికింది కాబట్టి ఊరుకున్నాను గానీ, లేకపోతేనా? హాచిజో దీవి దాకా నా పడవలన్నీ పంపి, దీవి దీవీ జల్లెడ పట్టించేవాణ్ణి!"

తడక వెనక ఓరియె పలకని దగ్గరికి లాక్కుంది. విన్నావట్రా, అనుకుంది. ఇంకాసేపు ఓపిక పట్టు.

అప్పుడే వెనక గుమ్మంలోంచి ఓత్సుయ వచ్చింది. బొమ్మ తలపెట్టింది గోష్ఠి వాళ్ళైనా ఖర్చు పెట్టుకుంది ఆమె కాబట్టి ఆమె కూడా చూడాలి. "వాళ్ళ ముందు పెట్టకముందు ఒక్కసారి చూసుకుంటాను వదినా," అంటూ, ఓరియె వద్దనేలోపే గుడ్డ తొలగించింది.

ఓరియె ఆమె మొహమే చూస్తోంది. ఆ మొహం మీద ముందు ఏమీ లేదు. తర్వాత పెదాలు విచ్చుకున్నాయి, కళ్ళు వెలిగాయి, పెళ్ళైన కొత్తలో త్సునెగొరో ఏదో కూసినప్పుడల్లా వెలిగినట్టు. "ఉన్నాడు!" అంది గుసగుసగా. "వదినా, చూశారా గడ్డం? మాసిపోయి, ఛీ, కోతిలా ఉన్నాడు! ఉన్నాడు వదినా!"

ఆ తర్వాతే ఆమె చెయ్యి పొట్ట మీదికి వెళ్ళింది. గోడకి జారబడి నేల మీద కూర్చుంది.

గుడి వెనక నీళ్ళ తొట్టి ఓరియెకి అప్పుడు గుర్తొచ్చింది. ఇంతసేపూ గుర్తు రాలేదా అంటే, రానివ్వలేదు. మొగుడు బతికుండగా ఇంకొకడి బిడ్డని మోసిన ఆడదానికి ఈ ఊళ్ళో పడే శిక్ష చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆమె తలా పోతుంది, ఆ ఇంకొకడి తలా పోతుంది. చచ్చాడనుకున్నాం అంటే న్యాయాధికారి వింటాడా? ఏడాదయ్యేదాకా ఆగలేకపోయావా అని మాత్రం అడుగుతాడు. పొట్టలో ఉన్నది ఎవరి లెక్కలోకీ రాదు.

"ఓరియె గారూ," అని గొంబే గారు పిలిచారు. "కానిద్దామా మరి?"

"వస్తున్నానండీ," అంది ఓరియె.

ఓత్సుయ తలెత్తింది. "తీసుకెళ్ళండి వదినా," అంది. "వాళ్ళకి చూపించండి. పడవలు పంపుతారు. మీ తమ్ముడు."

"నోర్ముయ్యవే!"

"హికోసబురోని మాత్రం ఈలోగా ఎక్కడికైనా పారిపొమ్మని—"

"నోర్ముయ్యమన్నానా!"

ఈ పిల్ల కాళ్ళ మీద పడి, వదినా నన్ను కాపాడు అని ఏడ్చి ఉంటే ఎంత బావుండేది! ఓరియె తడక తోసుకుని పలకని తీసుకెళ్ళి వాళ్ళ మధ్యన పెట్టి ఉండేది, సందేహం లేదు. తమ్ముడి కోసం ఊరంతటినీ ఉరి తియ్యమన్నా తీసి ఉండేది. కానీ ఈ వెర్రిమొహంది ముందు సంతోషించింది. తన సంగతి గుర్తు రాకముందే, వాడున్నాడని వెలిగిపోయింది. అది కళ్ళారా చూశాక ఇంకేం చేస్తుంది?

ఓరియె నడుం దగ్గర దోపుకున్న చాకు తీసింది. పలకని ఒళ్ళో పెట్టుకుంది. ఎడం అరచెయ్యి వాడి తల మీద ఆనించింది. ఈసారి కళ్ళు తుడుచుకుని మరీ, చూస్తూ, చెంపల దాకా గొరిగింది.

"వదినా, వద్దు," అంది ఓత్సుయ. అంటూనే, ఒళ్ళో రాలుతున్న ఆ చెక్క వెంట్రుకల్ని రెండు చేతులా పోగుచేసి తన కిమోనో చేతుల మడతల్లో దాచుకోవడం మొదలుపెట్టింది. ఒక్కటి కూడా నేల మీద మిగలనివ్వలేదు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పలకని ముందుగదిలో పెట్టాక పెద్దమనుషులు చేతులు జోడించారు. నున్నటి తలతో, వాలిన కళ్ళతో త్సునెగొరో వాళ్ళందరి మధ్యా కునుకు తీస్తున్నాడు. గొంబే గారు గొంతు సవరించుకుని పద్యం చదివారు:

పొద్దెక్కినా లేవనివాడు
కడలి దుప్పటి కప్పుకున్నాడు,
నత్తల్లారా, మెల్లగా నడవండి,
నిద్ర చెడగొట్టకండి.

ఎవరో ముక్కు చీదారు. యాసోహాచి చిత్రిక పట్టుకుని పలక మీదికి వంగాడు. వంగి ఆగాడు. నడినెత్తి మీద చెక్క తెల్లగా, పచ్చిగా ఉంది. అప్పుడే కోసిన చెక్క వాసన అతనికి తెలియకుండా ఉంటుందా? తలెత్తి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు.

"ఏమయ్యా, ఏమైంది?" అన్నారు గొంబే గారు.

"ఏం లేదండీ," అన్నాడు యాసోహాచి. "నా బావమరిది కదండీ."

"ఆహా, అవును, అవును," అన్నారు గొంబే గారు జాలిగా.

చిత్రిక నడిచింది. ముందు సాకే గిన్నె పోయింది. తర్వాత భుజం, మెడ, దవడ పోయాయి. కళ్ళు పోయేటప్పుడు యాసోహాచి తన కళ్ళు మూసుకున్నాడు. చివరికి పలక మీద ఏమీ మిగల్లేదు, చెర్రీ చెక్క మీది వలయాలు తప్ప. పెద్దమనుషులు ఒక్కొక్కరూ దాన్ని వేలితో తడిమి చూసి, సరే అనుకుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఓత్సుయ పెళ్ళి ముహూర్తానికే జరిగింది. పడవలేవీ దీవుల వైపు వెతకడానికి వెళ్ళలేదు.

చిత్రిక పట్టిన మర్నాడు పొద్దున ఓరియె ఎప్పటిలాగే లేచింది. ఒక వేషగాడి పలకా, ఒక నాట్యగత్తె పలకా గొరిగింది. ఆ తర్వాత పైఅరలోంచి ఖాళీ పలకని దించి ఒళ్ళో పెట్టుకుంది. ఎడం అరచెయ్యి దాని మీద ఆనించింది. నున్నగా ఉంది. చాలాసేపు అలాగే ఉంచింది, ఏదైనా తగులుతుందేమోనని. ఏమీ తగల్లేదు. వాడు ఈ పొద్దున బతికున్నాడో, ఇవాళే పోయాడో, ఇంకో ఇరవయ్యేళ్ళు సముద్రం వైపు చూస్తూ కూర్చుంటాడో చెప్పేది ఈ లోకంలో ఇక ఏదీ లేదు.

లోపల్నించి యాసోహాచి, "అన్నం మాడుతోందే," అన్నాడు. తర్వాత తనే లేచి వెళ్ళి కుండ దించాడు.